'పచ్చడి' అని కొడితే తమిళులకు ఏం దొరుకుతుంది? గూగుల్ కీవర్డ్ ప్లానర్ రివ్యూ

నమస్తే అండి. ఈ రోజు రివ్యూ గూగుల్ కీవర్డ్ ప్లానర్ మీద. గూగుల్‌లో ప్రకటనలు ఇచ్చే గూగుల్ యాడ్స్‌లో ఉండే టూల్ ఇది, జనం వెతికే మాటల్ని (వాటినే కీవర్డ్స్ అంటారు) చూపిస్తుంది. ఫీచర్లు చదివి వినిపించడం కాకుండా, ఒక పని అప్పజెప్పి చూద్దాం. గుంటూరులోనో హైదరాబాద్‌లోనో నిల్వ పచ్చళ్లు పెట్టి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. ఇక చెన్నై, బెంగళూరు, ముంబై, కొచ్చి వాళ్లకు కూడా అమ్మాలి. అక్కడివాళ్లు గూగుల్‌లో ఏ మాట కొడతారు?

తీర్పు ముందే చెప్పేస్తాను. మాట మీరు ఇస్తే దాన్ని ఎంతమంది వెతుకుతున్నారో ప్లానర్ చెబుతుంది. ఆ భాషవాళ్ల నోట్లో ఉండే మాట మాత్రం మీరే తెచ్చుకోవాలి. మీరిచ్చిన తెలుగు కీవర్డ్‌ని అది తమిళంలోకి మార్చదు.

'పచ్చడి' సంగతే చూడండి. మనకు పచ్చడంటే ఆవకాయ, మాగాయ, గోంగూర. తమిళంలో, మలయాళంలో పచ్చడి అంటే ఎక్కువగా పెరుగు కలిపి చేసేది. పైగా తమిళుల మాంగాయ్ పచ్చడి బెల్లం వేసి చేస్తారు, ఏప్రిల్ 14న వచ్చే వాళ్ల కొత్త సంవత్సరానికి. మన ఉగాది పచ్చడి లాంటిదన్నమాట. ఏప్రిల్‌లో ఆ మాటకు గ్రాఫ్ లేచిందని ఆవకాయ యాడ్ పెడితే, క్లిక్ చేసేవాళ్లకు కావాల్సింది పండగ వంట, మీ సీసా కాదు. తెలంగాణలో మామిడికాయ తొక్కు అంటాం కదా, తమిళంలోనూ తొక్కు ఉంది. కానీ అది తురిమి నూనెలో మగ్గబెట్టేది. మీ దగ్గర తురుము పచ్చడి ఉంటే ఆ మాట వాడుకోండి, ముక్కల ఆవకాయకు వద్దు.

మరి సరైన మాటలేవి? తమిళంలో ఊరుగాయ్, కన్నడలో ఉప్పినకాయి, మరాఠీలో లోణచే, హిందీలో అచార్, మలయాళంలో అచ్చార్. గోంగూరకైతే ఇంకా జాగ్రత్త: తమిళంలో పుళిచ్చ కీరై, మరాఠీలో అంబాడీ, ఉత్తర కర్ణాటకలో పుండి సొప్పు. ఇలాంటివి పట్టుకోవాలంటే ఆ భాష ఇంట్లో మాట్లాడే మనిషికి ఫోటో చూపించి, 'ఇది ఆన్‌లైన్‌లో కొనాలంటే ఫోన్‌లో ఏం కొడతారు?' అని అడగండి. మన మాట ముందే చెప్పి 'దీన్ని మీ భాషలో ఏమంటారు?' అంటే డిక్షనరీ మాట చెబుతారు. అడిగేటప్పుడు ఫోన్ వాళ్ల చేతికే ఇచ్చి టైప్ చేయించండి. ఎందుకో ఇప్పుడే చూద్దాం.

గూగుల్ యాడ్స్ ఖాతాలో టూల్స్, దాని కింద ప్లానింగ్, అందులో కీవర్డ్ ప్లానర్. 'డిస్కవర్ న్యూ కీవర్డ్స్' నొక్కితే ఒకేసారి 10 మాటల వరకు ఇవ్వొచ్చు. ఇచ్చే ముందు లొకేషన్‌లో ఇండియా తీసేసి తమిళనాడు పెట్టండి, లాంగ్వేజ్ తమిళం పెట్టండి. ఫలితాలు దించుకుని, మళ్లీ అదే లొకేషన్‌కి లాంగ్వేజ్ ఇంగ్లీష్‌గా మార్చి ఇంకోసారి తీయండి. ఈ రెండో విడత చాలామంది వదిలేస్తారు. మనం 'గోంగూర పచ్చడి' అని ఇంగ్లీష్ అక్షరాల్లో కొట్టినట్టే వాళ్లూ కొడతారు, ఫోన్ సెట్టింగులు కూడా ఇంగ్లీష్‌లోనే ఉంటాయి.

ఆ ఇంగ్లీష్ అక్షరాల్లోనే అసలు చిక్కు. ఊరుగాయ్‌ని కొందరు రెండు 'ఓ'లతో మొదలుపెడతారు, కొందరు ఒక్క 'యు'తో. అచార్‌లో కొందరు ఒక 'ఏ' కొడతారు, కొందరు రెండు. మలయాళం అచ్చార్‌ని కూడా చాలామంది హిందీ మాట లాగే రాస్తారు, అందుకే కేరళకు లొకేషన్ విడదీయకపోతే రెండు భాషల లెక్కా కలిసిపోతుంది. ఇంకొకటి: మామిడికి మలయాళంలో మాంగ. ఇంగ్లీష్‌లో రాస్తే ఎం, ఏ, ఎన్, జి, ఏ. ఆ ఒక్క మాటే ప్లానర్‌కి ఇచ్చారంటే జపాన్ బొమ్మల పుస్తకాల జాబితా వచ్చి పడుతుంది. ఎప్పుడూ 'మాంగ అచ్చార్' అని పూర్తి మాట ఇవ్వండి.

ఇక అంకెలు. యాడ్స్ మీద పెద్దగా ఖర్చు పెట్టని ఖాతాకు '1,000 నుంచి 10,000' లాంటి వెడల్పాటి అంచనాలే చూపిస్తుంది. పదింతల తేడా అండి, దాని మీద స్టాకు లెక్క వేయలేం. ఏ స్పెల్లింగ్ ముందుందో తేల్చుకోవడానికి, వెతుకులాటల జోరు చూపించే గూగుల్ ట్రెండ్స్‌లో ఒకేసారి 5 మాటలు పోల్చండి. అక్కడ కనిపించే 0 నుంచి 100 అన్నది వెతికినవాళ్ల సంఖ్య కాదు, పోలిక మాత్రమే. ప్లానర్ అంకె 12 నెలల సగటు అని కూడా గుర్తుంచుకోండి. ఒక మాటను ఏప్రిల్, మే నెలల్లో ఆరేసి వేలసార్లు వెతికి, మిగతా పది నెలలు అసలు వెతకలేదనుకోండి, సగటు 1,000 అని తేలుతుంది. ఆవకాయ లాంటి వేసవి సరుకుకు నెలవారీ లెక్క చూడాల్సిందే. 'కాంపిటీషన్' కాలమ్ యాడ్ ఇచ్చేవాళ్ల మధ్య పోటీ. మామూలు ఫలితాల్లో మీ పేజీ పైకి రావడం ఎంత కష్టమో అది చెప్పదు.

యాడ్స్‌లో ఎక్కువ డబ్బు కారిపోయేది మాత్రం 'ఎలా చేయాలి' అని తయారీ విధానం వెతికేవాళ్ల దగ్గర. హిందీలో 'కైసే బనాయే', 'విధి', తమిళంలో 'సెయ్‌వదు ఎప్పడి', కన్నడలో 'మాడువ విధాన' ఉన్న వెతుకులాటలు కొనేవాళ్లవి కావు. వీటిని నెగిటివ్ కీవర్డ్స్‌లో, అంటే మీ యాడ్ కనిపించకూడని మాటల జాబితాలో పెట్టండి. వాళ్ల లిపిలో ఒకసారి, ఇంగ్లీష్ అక్షరాల్లో ఒకసారి. నెగిటివ్ కీవర్డ్ పర్యాయపదాల్ని దానంతటది పట్టుకోదు, ఒక్కోదాన్నీ మీరే రాయాలి.

ఈ మాటలతో మీ సైట్‌లో తమిళ పేజీ ఎక్కించిన కొన్ని వారాలకు, మీ సైట్ గూగుల్‌లో ఎలా కనిపిస్తోందో చూపించే సెర్చ్ కన్సోల్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో ఆ పేజీని ఎంచుకుని క్వెరీస్ చూడండి. జనం నిజంగా కొట్టిన మాటలు, వాళ్ల స్పెల్లింగులతో సహా అక్కడుంటాయి, ఉచితంగా, 16 నెలల వరకు. వాటిని తెచ్చి ప్లానర్‌లో వేసి, రెండో విడత జాబితా అక్కణ్నుంచి మొదలుపెట్టండి.