స్టాసిస్: ఇంగ్లీషు కడిగేసిన నెత్తురు మాట

నమస్కారమండీ! గ్రీకు నుంచి ఇంగ్లీషుకు వచ్చిన కొట్లాట మాటల్లో అన్నిటికంటే భయంకరమైనది స్టాసిస్ అని పోయిన వీడియోలో అన్నాను. "పోలెమిక్, అంటే మాటలతో ఎదుటివాడి మీద విరుచుకుపడటం, ఉండగా ఇదేంటి? స్టాసిస్ అంటే కదలకుండా ఆగిపోవడం కదా" అని చాలామంది మీద పడ్డారు. నేను ఆ మాట వెనక్కి తీసుకోను. ఇవాళ ఇంకా గట్టిగా చెబుతా.

పోలెమిక్‌కి మూలం పోలెమోస్, అంటే యుద్ధం. నిజమే. కానీ ఎవరితో? గ్రీకు తత్వవేత్త ప్లేటో తన రిపబ్లిక్ అనే పుస్తకంలో తేల్చేశాడు: పరాయివాళ్ళతో అయితే పోలెమోస్, సొంతవాళ్ళతో అయితే స్టాసిస్!

స్టాసిస్‌కి అసలు అర్థం నిలబడటం. మన స్థితి, స్థానం పుట్టిన మూలమే దానిదీ. నిలబడటానికీ నరుక్కోవడానికీ సంబంధం ఏంటంటారా? మన ఊళ్ళో ఏమంటాం? "ఆయన ఎన్నికల్లో నిలబడ్డాడు." "నువ్వు ఎవరి వైపు నిలబడ్డావ్?" అదిగో, అక్కడే ఉంది. నిలబడితే ఒక వైపు తేలింది, వైపు వర్గమైంది, వర్గం కత్తి పట్టింది.

క్రీ.పూ. 427. కోర్సైరా, అంటే ఇవాళ్టి కోర్ఫూ ద్వీపం. అక్కడ జరిగిన స్టాసిస్ గురించి గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీస్ రాసింది చదివితే నిద్ర పట్టదు. ఏథెన్స్ నుంచి 60 ఓడలు వచ్చి ఆగిన ఏడు రోజులూ ఊరివాళ్ళే ఊరివాళ్ళని చంపారు. బాకీ ఉన్నవాడు అప్పిచ్చినవాణ్ణి చంపాడు. తండ్రి కొడుకుని చంపాడు. కొంతమందిని డయోనిసస్ అనే దేవుడి గుడిలో పెట్టి గోడ కట్టేశారు. లోపలే పోయారు.

ఇంత నెత్తురున్న మాట ఇంగ్లీషులో ఏమైంది? ఒంట్లో రక్తం పారకుండా నిలిచిపోతే డాక్టర్లు వాడే మాటైంది!

అదే ట్రోఫీ చూడండి. యుద్ధంలో శత్రువు వెన్ను తిప్పిన చోట గ్రీకులు కొయ్య పాతి, వాడి కవచం తగిలించేవాళ్ళు. తిరగడాన్ని గ్రీకులో త్రొపే అంటారు, ట్రోఫీ అందులోంచే వచ్చింది. దాన్ని మాత్రం తళతళా తుడిచి అల్మరాలో పెట్టుకున్నాం. నా లెక్క ఇదే: గెలుపు మాటని ఎవరైనా అరువు తెచ్చుకుంటారు. అన్నదమ్ములు నరుక్కున్న మాటని అర్థం మార్చిగానీ ఇంట్లోకి రానివ్వరు.

నమ్మకం లేదా? సొంతవాళ్ళ మధ్య యుద్ధానికి ఇంగ్లీషువాళ్ళు వాడే సివిల్ వార్ అన్న మాటనే విప్పి చూడండి. సివిల్ లాటిన్‌ది, వార్ జర్మానిక్ మూలానిది. గ్రీకు ముక్క ఒక్కటి కూడా లేదు!