కోతి, తాబేలు, ఒక అరటి మొక్క

శ్రోతలందరికీ నమస్కారం.

మన తెలుగు పిల్లలు చాలామంది డాక్టరు చదువు కోసం ఫిలిప్పీన్స్ వెళ్తున్నారు. మనీలా, దావో లాంటి పేర్లు ఇప్పుడు మన ఇళ్లలో మామూలుగానే వినపడుతున్నాయి. ఆ దేశంలో పిల్లలకు చిన్నప్పటి నుంచీ తెలిసిన కథ ఒకటుంది. నాకు ప్రాణం లాంటి కథ. ఇవాళ అది మీకు చెప్పాలి.

ఒక కోతి, ఒక తాబేలు. ఒకరోజు ఏట్లో అరటి మొక్క కొట్టుకొస్తోంది, వేళ్లతో, ఆకులతో సహా. ఇద్దరూ కలిసి ఒడ్డుకు లాగారు. చెరిసగం పంచుకుందామనుకున్నారు. పచ్చగా ఆకులున్నాయి కదా అని కోతి పై సగం లాక్కుంది. తాబేలుకు వేళ్లున్న మొదలు మిగిలింది. ఎవరిది వాళ్లు నాటుకున్నారు. కోతి మొక్క వాడిపోయింది. తాబేలు మొక్క చిగురేసింది, పెరిగింది, గెల వేసింది.

పండ్లయితే పండాయి గానీ తాబేలు చెట్టెక్కలేదు కదా! కోతిని సాయం పిలిచింది. కోతి చకచకా ఎక్కి, పైనే కూర్చుని తినడం మొదలుపెట్టింది.

"నాకూ ఒకటి వెయ్యవూ?" అంది తాబేలు.

"తొక్క కూడా వెయ్యను" అంది కోతి, రెండు బుగ్గల నిండా పండ్లు కుక్కుకుని.

తాబేలుకు ఒళ్లు మండింది. మొనదేలిన నత్తగుల్లలు ఏరుకొచ్చి చెట్టు చుట్టూ గుచ్చి, కొబ్బరి చిప్ప కింద దాక్కుంది. కోతి దిగింది, ఒళ్లంతా గాయాలు. వెతికి వెతికి తాబేలును పట్టుకుంది.

"నిన్ను చంపక తప్పదు. ఎలా చావాలో నువ్వే చెప్పు. రోట్లో వేసి దంచమంటావా, నీళ్లలో పడెయ్యమంటావా?"

"రోట్లో వెయ్యి! రోట్లోనే వెయ్యి! నీళ్లంటే నాకు చచ్చేంత భయం!"

"ఓహో, నీళ్లంటే భయమా? అయితే నీళ్లే!" అని కోతి దాన్ని విసిరేసింది. తాబేలు మునిగింది, తేలింది, పకపకా నవ్వుతూ ఈదుకుంటూ పోయింది.

కథ అంతే. మన జాతక కథల్లోనూ ఈ ఎత్తు ఉంది. భూరిదత్త జాతకంలో ఒక తాబేలు నీళ్లంటే భయమని నటించి, యమునలో పడి బతికిపోతుంది.

ఈ కోతీ తాబేలు కథను రాసి అచ్చు వేయించింది హోసే రిసాల్. కంటి డాక్టరు, నవలాకారుడు, ఫిలిప్పీన్స్ జాతీయ వీరుడు. 1896 డిసెంబరు 30న, అప్పట్లో ఆ దేశాన్ని ఏలుతున్న స్పెయిన్ ప్రభుత్వం ఆయన్ని మనీలాలో కాల్చి చంపింది. అప్పటికి ఆయనకు 35 ఏళ్లు. తన జాతి పాత చరిత్ర కోసం లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం పుస్తకాలు తిరగేసిన మనిషి ఆయన. అలాంటి మనిషి పిల్లల కథకు కూడా తీరిక చేసుకున్నారు. నన్ను కదిలించేది అదే. పిల్లల కథకు కూడా! 1889 జూలైలో లండన్‌లోని ట్రూబ్నర్స్ ఓరియంటల్ రికార్డ్ పత్రికలో ఇంగ్లీషులో రాశారు. పక్కనే జపాన్ వాళ్ల కోతీ ఎండ్రకాయ కథ పెట్టి పోల్చి చూశారు. అంతకు కొన్నేళ్ల ముందే పారిస్‌లో, చిత్రకారుడు హువాన్ లూనా భార్య ఆల్బమ్‌లో ఈ కథకు బొమ్మలు కూడా గీశారు. ఇప్పుడు ఫిలిప్పీన్స్‌లో జూలై మూడో మంగళవారాన్ని జాతీయ బాలల పుస్తక దినంగా జరుపుకోవడానికి కారణం ఈ కథే.

తర్వాత 1925లో సెవెరినో రేయెస్ అనే రచయిత, లోలా బస్యాంగ్ అనే అవ్వ చెబుతున్నట్టుగా లివాయ్‌వాయ్ పత్రికలో తగలోగ్ భాషలో కథలు మొదలుపెట్టారు. అక్కడి పిల్లల సాహిత్యంలో ఆ అవ్వ గొంతు ఇప్పటికీ వినిపిస్తుంది.

నేను మిమ్మల్ని అడిగేది ఒక్కటే. మీ ఇంట్లో అమ్మమ్మో, నాయనమ్మో, తాతయ్యో ఉంటే, ఈ ఆదివారం వాళ్లకు తెలిసిన ఒక్క కథ ఫోన్‌లో రికార్డు చేయండి. మధ్యలో సరిదిద్దకండి. కోతి మోసం చేస్తే చెయ్యనివ్వండి, తాబేలు పగ తీర్చుకుంటే తీర్చుకోనివ్వండి. నీతి చెప్పమని అడగకండి. చివర్లో మాత్రం ఆ కథ వాళ్లకు ఎవరు చెప్పారో, ఏ ఊళ్లో విన్నారో అడగండి. ఆ పేరు, ఆ ఊరు కూడా రికార్డులో ఉండాలి.

సెలవు.