ఒక్క చుక్క నీళ్లలో ఎవరెవరున్నారు? డిజిటల్ మైక్రోస్కోప్ రివ్యూ

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ మైక్రోస్కోప్ నేను కొన్నది కాదు, రివ్యూ కోసం ఉచితంగా పంపారు. స్పెక్స్ మీరు ఈపాటికి చూసే ఉంటారు, వాటి జోలికి పోను. 15 రోజులుగా నా 20 లీటర్ల రొయ్యల ట్యాంకు నీళ్లు దీని కింద పెడుతూనే ఉన్నాను.

నేను మాట్లాడాలనుకున్నది అడుగు లైటు గురించి. ఇదివరకు నా దగ్గరున్న యూఎస్‌బీ మైక్రోస్కోప్‌కి పైనుంచే లైటు. చీమ, సర్క్యూట్ బోర్డు బాగానే కనిపించేవి. కానీ ఈ నీటి జీవులు చాలావరకు గాజులా ఉంటాయి. పైనుంచి వెలుగు పడితే చుక్క మెరుస్తుందే గానీ లోపలున్నది తెలీదు. దీనికి కిందనుంచి వస్తుంది, పైగా చక్రం తిప్పి తగ్గించుకోవచ్చు. తప్పకుండా తగ్గించండి, ఫుల్‌గా పెడితే అంతా తెల్లబారిపోతుంది. సగానికి దించా... ఇదిగో! స్పాంజ్ ఫిల్టర్ పిండిన నీళ్లు, ఒక్క చుక్క.

ఈ గంట ఆకారం వోర్టిసెల్లా. టేబుల్ మీద తట్టా చూడండి, కాడ స్ప్రింగులా చుట్టుకుపోయింది. మళ్లీ మెల్లగా సాగుతోంది. ఎంత బాగుందో! పక్కన తల దగ్గర రెండు చక్రాలు తిరుగుతున్నట్టున్నది రోటిఫర్. నిజానికవి చక్రాలు కావు, వరసగా కొట్టుకునే సన్నని వెంట్రుకలు.

ఒంటికన్నుతో, తోక దగ్గర రెండు గుడ్ల సంచులతో గెంతేది ఆడ సైక్లాప్స్. మన పెద్దవాళ్లు చెప్పే నారికురుపు, అదే పుండులోంచి దారంలాంటి పొడవాటి పురుగు బయటికొచ్చే జబ్బు, ఇలాంటి వాటివల్లే వచ్చేది. ఆ పురుగు పిల్లలున్న సైక్లాప్స్ దిగుడుబావి నీళ్లతోపాటు కడుపులోకి పోయేవి. నీళ్లు గుడ్డతో వడగట్టమన్నది అందుకే. మన దేశంలో ఆ జబ్బు పోయిందని 2000లో ధ్రువీకరించారు. మీ ట్యాంకులో ఇది కనిపిస్తే కంగారు వద్దు, చేపపిల్లలకు మంచి మేత.

ఇక చిరాకు. ఫోకస్ తిప్పినప్పుడల్లా స్టాండు ఊగుతుంది, వోర్టిసెల్లా ముడుచుకుంటుంది, అది విప్పుకునేదాకా మనం ఆగాలి. మౌస్‌ప్యాడ్ వేశాక కొంత నయం. పెట్టె మీది 1000 రెట్లు కూడా స్క్రీను మీద సాగదీసిన లెక్కే. అయినా ఆ అడుగు లైటు కోసం కొనమనే చెప్తాను.

మీ ట్యాంకులో తెల్ల పురుగులుంటే ఫొటో కాదు, 10 సెకన్ల వీడియో పెట్టండి. ముక్కోణపు తలతో అద్దం మీద జారుతూ పోతే ప్లనేరియా, రొయ్యపిల్లలకు ప్రమాదం. నీళ్లలో మెలికలు తిరుగుతుంటే మామూలు చెత్త తినే పురుగు, వదిలేయండి.