అరకా, పాడేరా, లంబసింగా: రాత్రి ఎక్కడ దిగాలి?

అందరికీ నమస్కారం.

చలికాలం రాగానే మన్యం బయల్దేరేవాళ్లు చూడాల్సిన చోట్ల జాబితా ముందు రాసుకుంటారు. గది మాత్రం ఖాళీ ఉన్న ఊళ్లో తీసుకుంటారు. సగం ప్రయాణాలు అక్కడే చెడుతున్నాయి. అరకు, పాడేరు, లంబసింగి మూడూ సముద్రమట్టానికి 900 నుంచి 1000 మీటర్ల ఎత్తులోనే ఉన్నాయి. చలి కొంచెం అటూ ఇటూ. తేడా అంతా వేళలో ఉంది. మీరు చూడాలనుకున్నది ఏ వేళకు కనబడుతుందో తెలుసుకుని, ఆ వేళకు దగ్గరగా ఉండే ఊళ్లో పడుకోండి.

ముందు పాడేరు. వంజంగి మేఘాల కొండ ఇక్కడికి పది కిలోమీటర్ల లోపే. ఆ మేఘాలు ఎలా పుడతాయో తెలిస్తే ఏ రోజు వెళ్లాలో మీకే తెలుస్తుంది. ఆకాశం తేటగా ఉన్న రాత్రి నేల వేడి పైకి పోతుంది. చల్లబడిన గాలి బరువెక్కి కొండవాలు వెంబడి జారి, లోయలో చేరి నిలుస్తుంది. అందులోని తేమ మంచుగా మారి లోయ నిండుతుంది. మీరు దానికి పైన, శిఖరం మీద ఉంటారు గనుక కింద తెల్లటి సముద్రంలా కనబడుతుంది. రాత్రంతా మబ్బు పట్టి ఉన్నా, గాలి విసురుగా ఉన్నా అది సరిగా ఏర్పడదు. నడివానాకాలంలో అయితే మబ్బు కొండనే కమ్మేస్తుంది, ఎదుట ఉన్న మనిషి కూడా కనబడడు. అందుకే నవంబరు నుంచి జనవరి మంచి కాలం. వాన పడి నేల తడిసిన మర్నాడు ఆకాశం తేటపడితే ఇంకా దట్టంగా ఉంటుంది.

డిసెంబరులో సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో. ఐదున్నరకల్లా పైన ఉండాలి. కారు పోయే దారి అయిపోయాక మిగతాది జీపులోనో కాలినడకనో ఎక్కాలి గనుక, పాడేరు గదిలోంచి నాలుగుకే కదలాలి. అదే అరకులో దిగితే దాదాపు 45 కిలోమీటర్ల కొండదారి, చీకట్లో, పొగమంచులో. నిద్ర పోగొట్టుకోవడమే కాదు, ప్రమాదం కూడా. ఎండ వాలు మీద పడి నేల వేడెక్కాక మేఘం విరిగిపోతుంది, తొమ్మిదికి వచ్చినవాళ్లకు మామూలు లోయే మిగులుతుంది.

లంబసింగి సంగతి వేరు. ఇక్కడ మంచుకు పైన కాదు, మంచులోనే ఉంటారు. కొన్ని రాత్రులు చలి సున్నాకు చేరువగా దిగుతుంది. ఇది ఊరు కూడా కాదు, పల్లె. కాస్త పెద్ద బజారు కావాలంటే చింతపల్లి వెళ్లాలి. టెంటులో పడుకునేవాళ్లు చేసే తప్పు ఒకటుంది: గాలి రాకుండా జిప్పులన్నీ బిగించేస్తారు. లోపలివాళ్ల ఊపిరిలోని ఆవిరి చల్లటి గుడ్డకు తగిలి నీరై, తెల్లవారుజామున మొహం మీద బొట్టుబొట్టుగా పడుతుంది. పైన కొద్దిగా తెరిచి ఉంచండి, కింద టార్పాలిన్, దాని మీద మందపాటి పరుపు వేసుకోండి. నేల లాగేసే వేడి ముందు పైన కప్పుకున్న రెండో దుప్పటి ఎందుకూ చాలదు. చలి అని టెంటులోకి నిప్పుల కుంపటి మాత్రం తెచ్చుకోకండి, ప్రాణం తీస్తుంది.

పెద్దవాళ్లు, పసిపిల్లలు వెంట ఉంటే అరకే మేలు. ఇక్కడి అందం పట్టపగటిది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పసుపుపచ్చగా విరబూసే వలిసె చేలు, సిల్వర్ ఓక్ చెట్లకు పాకిన మిరియాల తీగలు, వాటి నీడన ఎర్రబారే కాఫీ పళ్లు, ఏదీ తెల్లవారుజామున లేవమనదు. విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే పొద్దుటి రైలు సొరంగాలు దాటుకుంటూ మధ్యాహ్నం లోపు అరకు చేరుస్తుంది. అద్దాల పెట్టెకు రిజర్వేషన్ వేరుగా చేయించుకోవాలి. బొర్రా గుహలు అరకు కంటే ముందే వస్తాయి. అక్కడ దిగిపోతే మిగతా దారికి బండి మాట్లాడుకోవాలి, ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. జోరువానల్లో కొండచరియలు పట్టాల మీద పడి రైలు ఆగిపోతుంటుంది, ఆ నెలల్లో రోడ్డు దారి కూడా చూసుకోండి.

బొంగులో చికెన్ తినాలంటే ఆకలి వేయకముందే చెప్పండి. పచ్చి వెదురు బొంగులో, అడుగున కణుపు మూతగా ఉన్న ముక్కలో, మసాలా పట్టించిన మాంసం దట్టించి, మూతికి ఆకులు కూరి నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె వేయరు, బొంగులోని తడే మాంసాన్ని ఉడికిస్తుంది. అందుకే ఎండు బొంగు పనికిరాదు, కూర ఉడికేలోగా అదే కాలిపోతుంది. ముప్పావు గంటైనా పడుతుంది. పది నిమిషాల్లో చేతికిచ్చారంటే అది ముందే వండిపెట్టింది.

మూడు ఊళ్లకూ వర్తించేవి: నగదు దగ్గరుంచుకోండి, సిగ్నల్ లేనిచోట ఫోన్ చెల్లింపు పనిచేయదు. ఘాట్ దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగండి. బ్రేకు తొక్కిపెట్టి దిగితే అది వేడెక్కి పట్టు వదిలేస్తుంది. ఇళ్లనూ మనుషులనూ ఫోటో తీసేముందు అడగండి, అవి వాళ్లు కాపురముంటున్న ఇళ్లు. ఇక ఇది మలేరియా ఉన్న ప్రాంతం. దోమతెర ఉందో లేదో గది తీసుకునేముందే కనుక్కోండి. తిరిగొచ్చిన నెల రోజుల్లో జ్వరం తగిలితే మామూలు జ్వరమని ఊరుకోకుండా రక్తపరీక్ష చేయించుకోండి. మన్యం వెళ్లొచ్చామని డాక్టరుకు మీరే చెప్పండి.