చేతిరాత బాగా లేదని ఆగిపోయిన ఉత్తరం

శ్రోతలకు నమస్కారం.

మనకు మేలు చేసినవారికి నాలుగు మాటలు స్వయంగా రాసి పంపాలని కూర్చుని, రెండు వరుసలు రాసి చూసుకుని, "ఈ కోడిగీతలు ఎవరికి పంపుతాం" అని కాగితం మడిచి పక్కన పెట్టేసిన అనుభవం మీలో చాలామందికి ఉండే ఉంటుంది. ఆ కాగితాన్ని మళ్లీ చేతిలోకి తీసుకోమని అడగడానికే ఈ రోజు మీ ముందుకు వచ్చాను.

మన ఇళ్లలో ఎదుట నిలబడి ధన్యవాదాలు చెప్పడం ఇప్పటికీ కొంచెం పరాయితనంగానే తోస్తుంది. నోరు తెరవగానే "మన మధ్య అవేం మాటలండీ" అని అవతలివారు ఆపేస్తారు. ఉత్తరాన్ని అలా మధ్యలో ఆపలేరు కనుక, ఎదుట చెప్పలేకపోయినదంతా అందులో చెప్పుకోవచ్చు.

చేతిరాత ప్రస్తావన వచ్చినప్పుడల్లా నాకు గాంధీజీ గుర్తుకు వస్తారు. చక్కని దస్తూరి చదువులో భాగం కాదనే అభిప్రాయం తనకు ఎక్కడ అబ్బిందో తెలియదని, ఇంగ్లండు వెళ్లేదాకా అదే నమ్మకంతో ఉన్నానని ఆయన తన ఆత్మకథలో రాసుకున్నారు. దక్షిణాఫ్రికాలో న్యాయవాదుల ముత్యాల వంటి అక్షరాలు చూసి సిగ్గుపడ్డారు, పశ్చాత్తాపపడ్డారు, దిద్దుకోవాలని ప్రయత్నించారు. అప్పటికే ఆలస్యమైపోయిందని దాపరికం లేకుండా ఒప్పుకున్నారు. పిల్లలకు అక్షరాలకంటే ముందు బొమ్మలు వేయడం నేర్పాలన్న ఆయన అభిప్రాయం ఆ బాధలోంచి పుట్టినదే. అయితే దస్తూరి బాగా లేదని ఆయన కలం ఆగిందా? 1909 నవంబరులో లండను నుంచి దక్షిణాఫ్రికాకు వెళ్తూ, 'కిల్డోనన్ కాజిల్' అనే ఓడలో సుమారు 10 రోజులలో గుజరాతీలో ఒక పుస్తకమే రాశారు. కుడిచేయి అలసినప్పుడు ఎడమచేత్తో రాశారు. జీవితమంతా వేలాది ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. దస్తూరి బాగా లేదన్న బాధ ఉంది, రాయడమూ ఉంది. ఒకటి రెండోదాన్ని ఆపలేదు.

ఇక నా సంగతి. కొన్నేళ్ల క్రితం మా అమ్మ 11 రోజులు ఆసుపత్రిలో ఉన్నప్పుడు, రాత్రిపూట విధిలో ఉండే ఒక నర్సు, అమ్మ అడిగిన ప్రతిసారీ విసుగు లేకుండా లేచి వచ్చి, దిండు సర్ది, గోరువెచ్చని నీళ్లు చెంచాతో పట్టేది. ఇంటికి వచ్చాక ఆమెకు ఒక ఉత్తరం రాసి పంపాను. వారం తరువాత ఆమె ఫోను చేసి, "ఉత్తరమంతా చదువుకున్నాను సార్, మూడో వరుసలో ఒక్క మాట మాత్రం తెలియలేదండీ, అదేమిటో చెప్తారా?" అని అడిగింది. ఆ మాట 'ఓర్పు'. రకారం కింద నేను రాసిన పకారం వత్తు, దిగువ వరుసలోని గుడిలో కలిసిపోయి రెండూ ఒక ముద్దగా తయారయ్యాయి. ఆ ఒక్క మాట కోసం ఆమె ఫోను చేసిందంటే, తక్కిన ప్రతి మాటనూ ఎంత శ్రద్ధగా చదివి ఉంటుందో నాకు అర్థమైంది.

అప్పటినుంచి నేను తప్పక పాటిస్తున్నది ఒక్కటే: వరుస విడిచి వరుస రాయడం. మన తెలుగు అక్షరానికి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కనుక, ఇంగ్లీషు రాతకు చాలిన చోటు మన రాతకు చాలదు. గీతల కాగితం తీసుకుని, ఒక గీత మీద రాసి, తరువాతి గీతను ఖాళీగా వదలండి. అక్షరం వంకరగా ఉన్నా విడిగా నిలిస్తే కన్ను పట్టుకుంటుంది. వరుస విడిచి వరుస. దస్తూరి మారకపోయినా ఉత్తరం చదవడానికి వీలుగా మారుతుంది.

చోటు తగ్గుతుందని చింతించకండి, ఆరేడు వాక్యాలు చాలు. "మీ సహాయానికి ధన్యవాదాలు" అని ఊరుకోకుండా, ఆ చెంచాతో పట్టిన గోరువెచ్చని నీళ్ల వంటి ఒక్క సంగతిని పేరు పెట్టి రాయండి. ముందుగా చిత్తుకాగితం మీద రాసుకుంటే కొట్టివేతలు తగ్గుతాయి. ఒకటి రెండు మిగిలినా నా దృష్టిలో అది తప్పేమీ కాదు.

చిరునామా విషయంలో మాత్రం తొందర పనికిరాదు. ఇంటి నంబరును, ఊరి పేరును, పిన్‌కోడులోని 6 అంకెలను విడివిడిగా, పెద్దవిగా, ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని రాయండి. లోపలి మాట తెలియకపోతే మనవాళ్లు ఫోను చేసి అడుగుతారు. కవరు మీది అంకె తెలియకపోతే మనల్ని అడిగే వీలు తపాలా ఉద్యోగికి ఉండదు.

సెలవు, నమస్కారం.