తాబో మట్టిగోడలు, మన అమరావతి

అందరికీ నమస్కారం. అధ్యక్షులవారికీ, లైబ్రేరియన్ గారికీ, వేదిక మీదున్న పెద్దలకీ, మా స్కూల్లో చదివి ఇవాళ తమ పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన నా విద్యార్థులకీ పేరుపేరునా చెప్పాలని ఉంది. నాకిచ్చింది అరగంట కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

గ్రంథాలయ వారోత్సవాలు కదా, "స్పీతి వెళ్లొచ్చారట మేడం, ఆ విశేషాలు చెప్పండి, పిల్లలకి బాగుంటుంది" అన్నారు. దారి గురించి, కొండల గురించి కొంత చెప్తాను. అసలు నేను మాట్లాడాలని వచ్చింది మాత్రం తాబో అనే ఊళ్లో ఉన్న మట్టిగోడల గురించి. వెళ్లొచ్చిన దగ్గర్నుంచీ అదే మనసులో మెదులుతోంది.

స్పీతి హిమాచల్ ప్రదేశ్‌లో టిబెట్ సరిహద్దుని ఆనుకుని ఉన్న లోయ. చెట్టూ చేమా పెద్దగా ఉండని చలి ఎడారి. పెద్ద కొండల వరుస అడ్డంగా ఉంటుంది కాబట్టి ఋతుపవన మేఘాలు అటువైపు రావడం తక్కువ. మేము చండీగఢ్ దాకా విమానంలో వెళ్లి, షిమ్లాలో కారు మాట్లాడుకున్నాం. డ్రైవర్ కిన్నౌర్ అబ్బాయి, ఆ రోడ్డు మీదే పెరిగినవాడు. రాంపూర్ దాటాక సట్లెజ్ నది పక్కనే ప్రయాణం. కొండని తొలిచి వేసిన రోడ్డు, కొన్నిచోట్ల రాయి నెత్తిమీద కప్పులాగే ఉంటుంది. ఖాబ్ దగ్గర స్పీతి నది వచ్చి సట్లెజ్‌లో కలుస్తుంది. అక్కడినుంచి పచ్చదనం పోయి అంతా మట్టిరంగు, రాతిరంగు. మెలికలు తిరుగుతూ నాకో ఊరికి ఎక్కితే పన్నెండు వేల అడుగుల ఎత్తు, ఊరి మధ్యలో చిన్న చెరువు, దాని చుట్టూ విల్లో చెట్లు. నాకో దాటాక మలింగ్ నాలా అని ఒక చోటుంది, అక్కడ పైనుంచి రాళ్లు దొర్లుతుంటాయి. మా డ్రైవర్ కారు ఆపి, దిగి, కొండవైపు కాసేపు చూసి, సద్దు లేదని నిర్ధారించుకున్నాకే దాటించాడు. వెనక వాళ్లు హారన్ కొడుతున్నా కదల్లేదు.

ఇక్కడ ఒకమాట గట్టిగా చెప్పాలి, ముఖ్యంగా కుర్రాళ్లకి. మనం సముద్రమట్టానికి దగ్గరలో బతికేవాళ్లం. మనాలీ వైపు నుంచి వెళ్తే దాదాపు పదిహేను వేల అడుగులున్న కుంజుమ్ కనుమ చాలా తొందరగా వచ్చేస్తుంది, ఒంటికి అలవాటు పడే వ్యవధి దొరకదు. షిమ్లా వైపు నుంచి దారి పొడుగైనా ఎత్తు మెల్లగా పెరుగుతుంది. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం మొదలైతే ఇంకా పైకి వెళ్లకండి. తగ్గకపోతే కిందికి దిగాలి, వేరే దారి లేదు. ఫ్రెండ్స్ ఏమనుకుంటారోనని టెన్షన్ పడి దాచుకునేవాళ్లు ఉంటారు, వాళ్లతోనే ఎక్కువ ప్రమాదం.

సరే, తాబో. అక్కడున్నది ఒక పాత బౌద్ధ ఆరామం. బయటినుంచి చూస్తే ఏమీ ఉండదు. చుట్టూ మట్టి ప్రహరీ, లోపల మట్టితో కట్టిన గుళ్లు, గుండ్రటి మూలలతో చోర్తెన్లు, అంటే చిన్న స్తూపాలు. మొదటిసారి చూసినవాళ్లు "ఇంతేనా" అనుకుంటారు. సామాన్య శకం 996లో పశ్చిమ టిబెట్‌లోని గూగే రాజు యేషే ఓద్ కాలంలో ఇది మొదలైంది. ఆ రోజుల్లో సంస్కృత గ్రంథాలని టిబెటన్‌లోకి అనువదించిన మహా పండితుడు రిన్‌చెన్ జాంగ్‌పో పేరు దీనితో ముడిపడి ఉంది. 1042లో బాగుచేసి, బొమ్మలు మళ్లీ వేశారు. ప్రధాన మందిరంలోకి అడుగుపెట్టగానే చీకటి. పైన చిన్న వెలుతురు కంత తప్ప వేరే దారి లేదు. కళ్లు అలవాటు పడటానికి కొంతసేపు పడుతుంది. అప్పుడు ఒక్కొక్కటే కనిపిస్తాయి. నాలుగు వైపులా చూస్తున్న వైరోచన బుద్ధుడు, గోడలకి ఆనుకుని గాలిలో తేలుతున్నట్టు కూర్చున్న మట్టి దేవతామూర్తులు, వాళ్ల కింద గోడ పొడుగునా బుద్ధుడి కథ, రంగులతో. నేల మీద కూర్చుని చూస్తున్నానే కానీ లేవబుద్ధి కాలేదు. వెయ్యేళ్లకి పైగా అక్కడ దీపం పెడుతున్నారు, పూజ చేస్తున్నారు. 1975 జనవరిలో కిన్నౌర్ భూకంపం వచ్చి దెబ్బతిన్నది, మళ్లీ నిలబెట్టుకున్నారు.

నేను అలా కూర్చుని ఉండగా ఒక గుంపు వచ్చింది. లోపల ఫోటోలు తీయకూడదని బయట బోర్డు ఉంది. వచ్చీ రాగానే ఫోన్లలో టార్చిలు వేశారు, ఫ్లాష్ వెలిగింది, ఒకాయన గోడకి చెయ్యి ఆనించి పోజు పెట్టాడు. వెయ్యేళ్ల నాటి రంగు మీద చెమట చెయ్యి! తాళాలు చూసే చిన్న లామా పరుగెత్తుకొచ్చి చేతులు జోడించాడు. "ఇంత ఖర్చుపెట్టి వచ్చాం, ఒక్క ఫోటోకి ఏమవుతుంది" అని ఆ పిల్లాడి మీద అరిచారు. వాళ్లు అరిచింది తెలుగులో. తమలో తాము మాట్లాడుకున్నదీ తెలుగే. గుంటూరు యాసేనని నాకు తెలిసిపోయింది. నేను లేచి వెళ్లి మాట్లాడాను, గట్టిగానే మాట్లాడాను. వెళ్లిపోయారు. కానీ నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఎందుకంత బాధ అంటారేమో. మర్నాడు పొద్దున ఒక ముసలి లామా గారు ఎండలో కూర్చుని జపమాల తిప్పుకుంటున్నారు. హిందీలో ఎక్కడినుంచి అని అడిగారు. గుంటూరు దగ్గర, అమరావతి పక్కన అన్నాను. ఆయన లేచి నిలబడ్డారండీ. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్రమనే టిబెటన్ బౌద్ధ దీక్ష ఇచ్చినప్పుడు ఆయన వచ్చారట. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, ఊరంతా ఎర్ర వస్త్రాలే. బుద్ధుడు కాలచక్రాన్ని మొదట బోధించింది మన ధాన్యకటకంలోనే, అంటే ఈ అమరావతిలోనేనని వాళ్ల సంప్రదాయం. అదే దీక్ష దలైలామా తాబోలో 1983లో ఒకసారి, వెయ్యేళ్లు నిండిన 1996లో మరోసారి ఇచ్చారు. ఆ ముసలాయన కృష్ణ నీళ్ల గురించి చెప్పారు, మన ఎండ గురించి చెప్పారు, ఆచార్య నాగార్జునుడి పేరెత్తి నమస్కారం పెట్టారు. తర్వాత నన్ను ఒకటే అడిగారు: "స్తూపం ఎలా ఉంది?"

ఏం చెప్పమంటారు? నేను సోషల్ టీచర్‌ని. ఏటా పిల్లల్ని ఎక్స్‌కర్షన్‌కి అక్కడికే తీసుకెళ్లేదాన్ని. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారి కాలంలో కొత్త కట్టడాలకి రాళ్లు కావాలని స్తూపం ఉన్న దిబ్బ తవ్వారు. 1797లో బ్రిటిష్ సర్వేయర్ కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు, మళ్లీ 1816లో సర్వేకి వచ్చేసరికి దిబ్బ మధ్యలో చెరువు తవ్వి ఉంది. చెక్కడాల పలకల్ని సున్నానికి కాల్చారు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసు చేరాయి, అందులో కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంకి పోయాయి. ఇవాళ మన స్తూపం చూడాలంటే చెన్నై ఎగ్మూరు మ్యూజియానికో లండన్‌కో పోవాలి, మన ఊళ్లో మిగిలింది గుండ్రటి పునాది, కొన్ని పలకలు. పాలరాయిలాంటి గట్టి రాయిని మనం నిలుపుకోలేకపోయాం. వాళ్లు మట్టిని వెయ్యేళ్లు కాపాడుకున్నారు. అక్కడికి మనమే వెళ్లి గోడ మీద చెయ్యి వేస్తామా?

టైమ్ చూసుకోమంటున్నారు, చూసుకుంటాను. ఇది చెప్పకుండా మాత్రం దిగను.

ఆ గోడలకి మనకంటే పెద్ద భయం వాన. పల్నాడులోనో సీమలోనో మట్టిమిద్దెల్లో పెరిగినవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. అక్కడా అదే పద్ధతి: దూలాలు, వాటిమీద విల్లో కొమ్మలు, ఆపైన మట్టి. మంచు ఎంత పడినా పారతో తోసేస్తారు. వాన అలా తోస్తే పోదు, ఇంకుతుంది. పైకప్పు మట్టి కరిగి గోడ మీదికి జారితే బొమ్మ మీద బురద చార పడుతుంది. ఇప్పుడు అక్కడ మంచు పడాల్సిన రోజుల్లో మంచు తగ్గి, పడకూడనప్పుడు జోరున వాన పడుతోందని మేము దిగిన ప్రతి ఊళ్లోనూ చెప్పారు. 2023 జూలైలో చంద్రతాల్ దగ్గర యాత్రికులు మంచులో చిక్కుకుపోయిన వార్త మీరు టీవీలో చూసే ఉంటారు, అది కుంజుమ్ కనుమకి అటువైపే. ధంకర్ గోంపా, అంటే అక్కడి బౌద్ధ మఠం, అయితే స్పీతి, పిన్ నదులు కలిసేచోట, చెదలపుట్ట కొసన పెట్టిన బొమ్మరిల్లులా ఉంటుంది, కిందినుంచి కొండ అరిగిపోతోంది. ప్రపంచంలో ప్రమాదంలో ఉన్న వంద కట్టడాల జాబితాలో 2006లోనే చేరింది.

స్పీతిలో పెద్ద ఊరు కాజా. అది దాటి పైకి వెళ్తే కీ గోంపా, ఆపైన కిబ్బర్, లాంగ్జా, హిక్కిమ్, కోమిక్ అనే ఊళ్లు. హిక్కిమ్‌లో పద్నాలుగు వేల అడుగుల పైన 1983 నుంచి పోస్టాఫీసు నడుస్తోంది. మావారు అక్కడినుంచి మనవరాలికి కార్డు వేశారు, వచ్చింది కూడా. మేము ఒక ఇంట్లో హోమ్‌స్టేలో ఉన్నాం. ఆ ఇంటి పెద్దావిడ బార్లీ రొట్టె, థుక్పా అనే నూడుల్స్ సూప్ పెట్టింది, పొయ్యి చుట్టూ అందరం కూర్చున్నాం. ఆ ఊళ్లలో నీళ్లంటే పైన కరిగిన మంచే. కూల్ అనే సన్న కాలవల్లో పొలానికి తెచ్చుకుంటారు. పచ్చిబఠాణీ అమ్మితేనే చేతిలో డబ్బు, అది పండేది ఎండాకాలం ఒక్క పంట. మంచు తక్కువ పడిన ఏడు ఆ పంటకీ నీళ్లు చాలవు. వాళ్ల పాత మరుగుదొడ్డికి నీళ్లు అక్కర్లేదు, మట్టీ బూడిదా వేస్తారు, అదే ఎరువై పొలానికి పోతుంది. ఇప్పుడు మనలాంటివాళ్లు వచ్చి ఫ్లష్ కావాలి, రోజూ బకెట్ వేడినీళ్లు కావాలి అంటున్నారు. లేకపోతే రేటింగ్ తగ్గిస్తారట! చలికాలం పైపులు గడ్డకడతాయి, ఎరువు పోతుంది, నీళ్లు పోతాయి. అమ్మా, ఒక్క రెండు రోజులు స్నానం చేయకపోతే మనకేమీ కాదు. తడిగుడ్డతో తుడుచుకుంటే చాలు.

లాంగ్జాలో పిల్లలు శిలాజాలు అమ్ముతారు. హిమాలయాలు పుట్టకముందు అక్కడ ఉన్న టెథిస్ సముద్రపు జీవుల గుల్లలు రాయైపోయినవి. ముచ్చటగానే ఉంటాయి. కొనకండి. మనం కొన్నంతకాలం కొండ తవ్వుతూనే ఉంటారు. ఆ పిల్లలకి పెన్నులు, పుస్తకాలు ఇవ్వాలనుకుంటే వాళ్ల స్కూల్లో మాస్టారుకి ఇవ్వండి.

లైబ్రేరియన్ గారు చీటీ పంపారు, అయిపోయింది. వెనక బెంచీలో ఉన్న ఆ ఇద్దరబ్బాయిలు జూన్‌లో బైకుల మీద వెళ్తామని ఇందాక చెప్పారు. బాబూ, భోజనాలయ్యాక నా దగ్గరికి రండి, దారి కాగితం మీద గీసిస్తాను. షిమ్లా వైపు నుంచే ఎక్కండి. తాబోలో ఒక్క రాత్రితో సరిపెట్టకండి. గుడిలోకి వెళ్లేముందు ఫోన్లు ఆఫ్ చేసి జేబులో పెట్టుకోండి, కళ్లు అలవాటు పడేదాకా కూర్చోండి. ఆ ముసలి లామా గారు ఉంటే అమరావతి నుంచి వచ్చామని చెప్పండి. స్తూపం గురించి అడుగుతారు. అందుకే బయల్దేరేలోపు ఒక ఆదివారం మన అమరావతి మ్యూజియం చూసిరండి, నేనూ వస్తాను.