యూసీపీ 208 తీసి 209 పెట్టాలి: ఆన్‌షేప్‌లో మార్పు ఎలా చేయాలి?

నమస్తే అండి. గాజువాక ఆటోనగర్‌లో మా షెడ్డు నుంచి మాట్లాడుతున్నాను. వెనకాల గ్రైండర్ మోత వినిపిస్తే ఏమనుకోకండి, భోజనాల దాకా అది ఆగదు.

ఆర్డరు మీద మిషన్లు చేసే మనలాంటి వాళ్లం ఒకసారి చేసిన మిషను మళ్లీ అలాగే చెయ్యం. రొయ్యల ప్లాంటుకు కన్వేయరు, ఫార్మా వాళ్లకు మిక్సరు, ఎవరి కొలతలు వాళ్లవి. అడ్వాన్సు ఇచ్చాక కూడా ఆర్డరిచ్చిన పార్టీ కొలతలు మారుస్తూనే ఉంటాడు. కంప్యూటర్లో మార్చడం ఎంతసేపు? ఆ మార్పు లేత్ దగ్గరికీ, డ్రిల్లింగ్ దగ్గరికీ ఒకేసారి చేరదు, అక్కడే మునుగుతాం.

మేం మునిగిన సంగతి చెబుతాను. ఒక కన్వేయరుకి బేరింగ్ బ్లాకు, అంటే తిరిగే షాఫ్టును పట్టుకునే దిమ్మ, యూసీపీ 208 సైజు అనుకున్నాం. లోడు పెరుగుతుందంటే 209 చేశాం. మా కుర్రాడు షాఫ్టు 40 మిల్లీమీటర్ల నుంచి 45కి మార్చి, 'ఫైనల్ కొత్తది 2' అని పేరు పెట్టి వాట్సాప్‌లో పడేశాడు. షాఫ్టు 45కే వచ్చింది. ఫ్రేము ప్లేట్లు మాత్రం ముందురోజు ప్రింటు చూసి డ్రిల్లు కొట్టేశారు. 208కి బోల్టు చిల్లుల మధ్య 137, 209కి 146. "ఏటండీ, బ్లాకు కూకోట్లేదు" అన్నాడు ఫిట్టరు. బ్లాకు కాళ్లకుండేవి పొడుగు చిల్లులే, కొంత సర్దుకుంటాయి, కానీ 9 మిల్లీమీటర్లు ఎక్కడ సర్దుకుంటాయి? మొత్తం 16 ప్లేట్లు. వెల్డింగుతో పూడ్చి మళ్లీ కొట్టాం. అక్కడితో అయిందా అంటే, సెంటరు ఎత్తు, అంటే బ్లాకు అడుగు నుంచి షాఫ్టు మధ్య దాకా ఎత్తు, 49.2 నుంచి 54కి పెరిగిందని ట్రయల్ రోజున చైను బిగిస్తుంటే గానీ ఎవరికీ తట్టలేదు.

ఇవాళ అదే మార్పు ఆన్‌షేప్‌లో చేసి చూపిస్తాను. ఇది బ్రౌజర్లో నడిచే క్యాడ్, అంటే డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్. సాలిడ్‌వర్క్స్ అనే ఇంకో క్యాడ్ పెట్టిన జాన్ హర్ష్‌టిక్, ఆయన పాత జట్టువాళ్లు 2012లో మొదలుపెట్టారు, 2019లో పీటీసీ కొనేసింది. సాలిడ్‌వర్క్స్ అలవాటున్నవాళ్లకి స్కెచ్చి, ఎక్స్‌ట్రూడ్ వెంటనే పట్టుబడతాయి. మేట్ల దగ్గర, అంటే భాగాలను ఒకదానికొకటి జతచేసే చోట మాత్రం రెండు రోజులు తిట్టుకుంటారు. సేవ్ బటన్ వెతక్కండి, లేదు. మీరు చేసిన ప్రతి పనీ దానంతటదే సేవ్ అవుతుంది.

మొదలుపెట్టేముందు ఒక మాట. ఉచిత అకౌంటులో గీసినవి ఎవరైనా తెరిచి చూడొచ్చు. నేర్చుకోవడానికి బాగుంటుంది. పార్టీ డ్రాయింగు మాత్రం అందులో పెట్టకండి, పరువూ ఆర్డరూ రెండూ పోతాయి.

ఇదిగో, నా కన్వేయరు. షాఫ్టు, ప్లేటు ఒకే పార్ట్ స్టూడియోలో, అంటే భాగాలు గీసే ట్యాబ్‌లో గీశాను. ఫీచర్ల వరసలో అన్నిటికన్నా పైన నాలుగు వేరియబుల్స్, అంటే పేరు పెట్టిన కొలతలు పెట్టాను, చూడండి: షాఫ్టు డయా, చిల్లుల దూరం, సెంటరు ఎత్తు, కీవే (షాఫ్టులో కీ కూర్చునే గాడి) వెడల్పు. కింద స్కెచ్చిల్లో ఈ కొలతలు ఎక్కడా అంకెగా లేవు, అన్నీ ఈ పేర్లతోనే ఉన్నాయి. కష్టమంతా ఇక్కడే పడాలి. ఇది చేయకుండా క్లౌడ్‌లో గీసినా మళ్లీ పాత కథే.

ఇప్పుడు ముందుగా ఒక వెర్షన్ చేస్తాను. పేరు '208, పార్టీ ఓకే'. వెర్షన్ అంటే గడ్డకట్టిన కాపీ అనుకోండి, దాన్ని ఇక నేను కూడా మార్చలేను. హిస్టరీ ప్యానెల్లో దాని మీద రైట్ క్లిక్ చేసి బ్రాంచ్ తీస్తాను, పేరు '209 ట్రయల్'. ఇక్కడ ఏం పాడుచేసినా అసలు దానికి ఏమీ కాదు.

బ్రాంచ్‌లో 40 తీసి 45. 137 తీసి 146. 49.2 తీసి 54. ప్లేటు చిల్లులు జరిగాయి, చూశారా? ఇక నాలుగోది, కీవే. 40 షాఫ్టుకు 12 వెడల్పు కీ సరిపోతుంది, 45కి 14 కావాలి. ఇది దాదాపు అందరూ మరిచిపోతారు. మరిచిపోతే స్ప్రాకెట్టు, అంటే చైను పళ్ల చక్రం, బోరింగుకు వెళ్లి, పనికిరాకుండా తిరిగొస్తుంది.

డ్రాయింగు ట్యాబ్‌లోకి వెళ్లి అప్‌డేట్ నొక్కండి. నొక్కకపోతే పాత కొలతే కనిపిస్తుంది, తర్వాత సాఫ్ట్‌వేర్‌ని తిడతారు. పాతదీ కొత్తదీ కంపేర్‌లో పక్కపక్కన పెట్టి చూసుకుని, మెయిన్‌లోకి, అంటే అసలు దానిలోకి వచ్చి బ్రాంచ్‌ని మెర్జ్ చేయండి, అంటే కలిపేయండి.

షాపు ఫ్లోరుకి ఏది పంపాలి? ఆన్‌షేప్ ఖరీదైన ప్లాన్లలో రిలీజ్ అని ఒక ఏర్పాటుంది: మీరు పంపుతారు, ఓనరో సీనియరో ఓకే చేస్తారు, డ్రాయింగుకు రివిజన్ ఏ, బీ అని పడుతుంది. అది లేకపోతే మెర్జ్ అయ్యాక ఇంకో వెర్షన్ చేసి, దాన్నుంచే పీడీఎఫ్ తీయండి. వెర్షన్ పేరు టైటిల్ బ్లాకులో, అంటే డ్రాయింగు వివరాలుండే గడిలో, తప్పకుండా ఉండాలి. పార్టీకి లింకు ఇచ్చేటప్పుడు చూసే అనుమతి ఒక్కటే ఇచ్చి, ఎక్స్‌పోర్ట్ టిక్కు తీసేయండి.

నెట్ పోతే పని ఆగుతుంది, అది నిజం. మేం ఫోన్ హాట్‌స్పాట్‌తో నెట్టుకొస్తాం. అయినా 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్‌కి మా షెడ్డు రేకులు లేచిపోయి కంప్యూటరు తడిసినప్పుడు, ఎవరి దగ్గరో పెన్ డ్రైవ్‌లో ఉన్న నాలుగు ఫైళ్లు తప్ప ఏమీ మిగల్లేదు. దానికన్నా గంటసేపు నెట్ పోవడం నయం.

కొత్త పీడీఎఫ్ పంపాక ఒక్కసారి లేచి షెడ్డులోకి నడవండి. డ్రిల్లింగ్ మిషన్ పక్కన గ్రీజు మరకలతో పాత ప్రింటు ఒకటి అంటించి ఉంటుంది. దాన్ని మీ చేత్తోనే చించి పట్టుకొచ్చేయండి.